జెర్సీల మీద పాత పేరు తీయాలి, కుట్టినవీ ఉన్నాయి అతికించినవీ ఉన్నాయి

నర్సంపేట రైడర్:

అందరికీ నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఒక ఊరి కబడ్డీ టీము. మూడేళ్ల కింద ఎరువుల దుకాణం ఆయన ఒకరు మాకు 12 జెర్సీలు చేయించి ఇచ్చారు. ఛాతీ మీద ఆయన షాపు పేరు పెద్దగా ఉంటుంది, తెల్ల బట్టలో అక్షరాలు కత్తిరించి చుట్టూ మిషన్ మీద దట్టంగా కుట్టినవి. వీపు మీద పేరుకూ నంబరుకూ మాత్రం కుట్టు లేదు, రబ్బరు షీటులాంటిది వేడి పెట్టి అతికించారు, కొన్నిటికి అంచులు లేచి పగుళ్లు పట్టాయి. ఇప్పుడు ఆ షాపు మూసేశారు. ఈసారి సంక్రాంతి టోర్నమెంటుకు వేరే ఆయన ముందుకొచ్చారు గానీ, మ్యాట్ బూట్లకూ తిరుగుడు ఖర్చులకూ ఇస్తా, జెర్సీలు పాతవే ఉండనీయండి, పేరు మాత్రం నాది ఉండాలి అంటున్నారు. పైగా పాత ప్లేయర్లలో నలుగురు పనుల మీద హైదరాబాద్ పోయారు, వాళ్ల పేర్లు వీపున మోస్తూ కొత్త పిల్లలు ఆడుతుంటే ఊళ్లోవాళ్లే నవ్వుతున్నారు.

మెరూన్ రంగు, సన్న రంధ్రాల బట్ట, లేబుల్ మీద నూరు శాతం పాలిస్టర్ అని ఉంది. నంబర్ల జోలికి పోవద్దనుకుంటున్నాం. ముందు 4 అంగుళాలు, వెనక 6 అంగుళాలు ఉండాలని రూలు, మళ్లీ వేయించే టెన్షన్ ఎందుకు. మావాడొకడు షేవింగ్ బ్లేడు పట్టుకుని కూర్చుంటే లాక్కున్నాను. బట్ట చిరగకుండా ఎట్లా తీయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

హన్మకొండ మిషన్ అక్క:

తమ్ముడూ, బ్లేడు లాక్కుని మంచి పని చేశావు. అది అల్లిక బట్ట, చీర నేసినట్టు నేసింది కాదు, ఒక పోగు తెగితే అక్కడితో ఆగదు, సాగదీసిన కొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. కబడ్డీలో ఎట్లాగూ లాగుళ్లే కదా, బట్టలు పట్టుకోవద్దని రూలుండొచ్చు గానీ నా దగ్గరికి చిరిగి వచ్చే జెర్సీలు చూస్తే ఆ రూలు ఎవరికీ తెలిసినట్టు లేదు.

టైలరింగ్ సామాను షాపులో రిప్పర్ అని అడుగు, తక్కువ ధరకే వస్తుంది. రెండు కొనలుంటాయి, పొట్టి కొన మీద చిన్న గుండు, రెండిటి మధ్యలో పదును. జెర్సీ తిరగేసి పట్టుకో. కుట్టు వెనక తెల్ల కాగితంలాంటి పొర ఉంటే ముందు దాన్ని మెల్లగా చింపేయి, కుట్టేటప్పుడు బట్ట ముడత పడకుండా వేస్తారు అది. అప్పుడు బాబిన్ దారం, అంటే మిషన్ కింది వైపు నుంచి వచ్చే దారం, బయటపడుతుంది. ఎప్పుడూ ఆ వెనక వైపు నుంచే మొదలుపెట్టాలి, ముందు నుంచి పోతే పైదారం ఎంత మందం ఉందో, బట్ట ఎక్కడ మొదలవుతుందో కంటికి తెలియదు. నాలుగైదు కుట్లకు ఒకసారి బాబిన్ దారం తెంపుకుంటూ పోయి, కొస దొరికినచోట పట్టకారుతో లాగితే ముక్కలు ముక్కలుగా వచ్చేస్తుంది, పైదారానికి పట్టు పోయి ముందు వైపు దానంతటదే లేస్తుంది. కోసుకుంటూ పోయేటప్పుడు గుండు ఉన్న కొన బట్ట వైపు ఉండాలి, ఇది చాలామంది తలకిందులుగా పడతారు. అక్షరం మొదలైనచోట, ముగిసినచోట, మూలల్లో కుట్టు మీద కుట్టు ఉంటుంది, అక్కడ లాగకు, తెంపు. పగటి వెలుతురులోనే చెయ్యి, ట్యూబులైటు కింద మెరూన్ మీద మెరూన్ దారం ఉంటే ఏమీ కనబడదు.

దారం మొత్తం పోయాక సూది రంధ్రాలు వరుసగా కనబడతాయి, భయపడకు. తడి కాటన్ గుడ్డ పైన వేసి, తక్కువ వేడి మీద ఇస్త్రీ పెట్టె ఆనించి తీసి, వేడి మీదే గోటితో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి గీరు. ఇట్లాంటి బట్టకు చాలావరకు కలిసిపోతాయి. కుట్టు పోయినా అక్షరం లేవకపోతే కింద బంక కూడా ఉన్నట్టు, కుట్టేటప్పుడు జరగకుండా ముందే అతికిస్తారు. ఆ సంగతి నాకంటే ప్రింటింగ్‌వాళ్లకు బాగా తెలుసు.

పరకాల బంటి:

ఇంత కష్టం ఎందుకు భయ్యా, టీములో అందరూ తలా కొంత వేసుకుని కొత్తవి కొనుక్కోండి. ఆన్‌లైన్‌లో రంగురంగులవి ఉన్నాయి.

నర్సంపేట రైడర్:

బంటి అన్నా, టీములో సగం మంది కూలికి పోయేవాళ్లు, మిగతా సగం ఇంటర్ పిల్లలు, తలా కొంత అనే మాట వింటే ప్రాక్టీసుకే రారు. పైగా ఇవి బట్ట గట్టివి, ఆ ఆన్‌లైన్‌వి రెండు మ్యాచ్‌లకే చంకలో చిరుగుతున్నాయి. అక్కా, థాంక్స్. ఒక అక్షరం విప్పి చూశాను, నువ్వన్నట్టే కింద బంక ఉంది.

కరీంనగర్ హీట్ ప్రెస్:

రైడర్ తమ్మీ, ముందు ఒక పని చెయ్యి. వీపు మీది అక్షరం అంచు గోటితో తడిమి చూడు. మందం తగిలి, అంచు లేస్తుంటే అది వినైల్, వేడితో వస్తుంది. మందం ఉండి అంచు లేవకుండా బట్టలోకి ఇంకినట్టుంటే స్క్రీన్ ప్రింట్, దాన్ని ఊడదీయడం పెద్ద తలనొప్పి, షీటులాగా రాదు. అసలు చేతికి ఏమీ తగలకపోతే సబ్లిమేషన్, రంగే పోగులోకి పోయి ఉంటుంది, దాన్ని ఏ మందూ తీయలేదు, బ్లీచింగ్ పౌడర్‌లో నానబెట్టినా బట్ట పాడవుతుంది తప్ప అక్షరం పోదు. ఈ మధ్య చవకగా వచ్చే జెర్సీలు ఎక్కువ శాతం ఇవే కాబట్టి చెబుతున్నా. నువ్వు చెప్పినదాన్ని బట్టి నీవి వినైలే.

ఇస్త్రీ పెట్టెను రెండు చుక్కల గుర్తు దాటనీయకు, అంటే 150 డిగ్రీల దరిదాపు. ఆవిరి వద్దు, పొడిగానే. జెర్సీ తిరగేసి అక్షరం ఉన్నచోట వెనక నుంచి కాటన్ గుడ్డ మీదుగా 10, 15 సెకన్లు ఒత్తి, వెంటనే ముందుకు తిప్పి పట్టకారుతో ఒక మూల లేపి, పైకి కాకుండా బట్టకు ఆనుకునేలా వెనక్కి మడిచి లాగు. చల్లారితే మళ్లీ పట్టేస్తుంది, అప్పుడు బలవంతం చేయొద్దు, మళ్లీ వేడి చెయ్యి. ఒక్కో అక్షరం ఒక్కోసారి. పగుళ్లు పట్టినవి మాత్రం ముక్కలు ముక్కలుగానే వస్తాయి, ఓపిక ఉండాలి. హీట్ గన్ ఎవరైనా ఇస్తానంటే వద్దను, పాలిస్టర్ కరగడానికి 250 డిగ్రీలు కావాలి నిజమే గానీ అంతకు చాలా ముందే బట్ట మెరిసిపోతుంది, ఆ మెరుపు మళ్లీ పోదు.

షీటు వచ్చాక జిగురు మిగులుతుంది. దాని మీద గోధుమరంగు కాగితం గానీ పాత కాటన్ గుడ్డ గానీ వేసి ఇస్త్రీ చేస్తే జిగురు కరిగి దానికి అంటుకుంటుంది, వేడి మీదే లాగేసి, కొత్త ముక్క వేసి మళ్లీ చెయ్యి. ఛాతీ అక్షరాల కింది బంకకూ ఇదే పద్ధతి. నేనైతే మందులకంటే ముందు దీన్నే నమ్ముతాను.

గోదావరిఖని ఆల్‌రౌండర్:

కుట్లకు రిప్పర్ ఎందుకు, గడ్డం ట్రిమ్మర్ తీసుకుని వెనక వైపు బాబిన్ దారం మీద నడిపించండి, నిమిషాల్లో అయిపోతుంది. మా తమ్ముడి క్రికెట్ టోపీ మీది లోగో అట్లాగే తీశాను.

హన్మకొండ మిషన్ అక్క:

టోపీకి నడుస్తుంది బాబూ, టోపీ బట్ట దళసరి. ఈ జెర్సీ బట్టలో రంధ్రాలున్నాయి, ట్రిమ్మర్ పళ్లలో ఒక్క పోగు ఇరుక్కుంటే చాలు. డెనిమ్ జాకెట్టుకైతే నేనే చెయ్యమంటాను, దీనికి వద్దు.

కేయూ కెమిస్ట్రీ:

ఇస్త్రీతో పోని జిగురు మిగిలితే ఎసిటోన్ వాడొచ్చు, నెయిల్ పాలిష్ రిమూవర్లలో చాలావాటిలో ఉండేది అదే. మామూలుగా పాలిస్టర్‌ను ఏమీ చేయదు. కానీ ఎసిటేట్ బట్టను కరిగించేస్తుంది, కాబట్టి జెర్సీకి మెడ దగ్గర గానీ లోపల గానీ వేరే రకం మెరిసే బట్ట అతికి ఉంటే దానికి తగలనీయొద్దు. లైక్రా కలిసిన బట్టకు నేనైతే వాడను. ముందు లోపలి కుట్టు మడతలో ఒక చుక్క వేసి, తెల్ల గుడ్డతో రుద్ది, రంగు దిగడం లేదని చూసుకున్నాకే ముందుకు పోండి.

వెనక వైపు నుంచి, జిగురు ఉన్నంత మేర మాత్రమే, దూదితో. నంబరు ఉంచుకుంటామన్నారు కదా, ఎసిటోన్ బట్టలో పాకి నంబరు వినైల్ కిందికి పోతే అదీ లేస్తుంది, పేరుకూ నంబరుకూ మధ్య దూరం తక్కువుంటే ఆ అంచు దగ్గర ఆగిపోవడమే మంచిది. సీసాలోంచి స్టీలు గ్లాసులోకి పోసుకోండి, థర్మాకోల్ కప్పు అయితే కరిగి చేతిలో మిగలదు.

ఇప్పుడు అసలు సంగతి. ఎసిటోన్ ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనీస వేడి, సున్నాకు 20 డిగ్రీల కింద, అంటే మన గది వేడిలో ఎప్పుడూ అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. ఆవిరి గాలికంటే బరువు, నేల వెంబడి పాకుతూ పక్క గదిలో పొయ్యి దాకా పోగలదు. డాబా మీద చెయ్యండి. ఇంకో ముఖ్యమైన మాట, ఎసిటోన్ తగిలిన జెర్సీని ఉతికి పూర్తిగా ఆరేదాకా ఇస్త్రీ పెట్టె దగ్గరికి తేవద్దు. కరీంనగర్ అన్న చెప్పిందీ నేను చెప్పిందీ కలిపి ఒకేసారి చేద్దామని ఎవరో ఒకరికి అనిపిస్తుంది కాబట్టి విడిగా చెబుతున్నాను. నీలగిరి తైలం కూడా జిగురును మెత్తబరుస్తుంది, నిదానంగా పనిచేస్తుంది, తర్వాత సబ్బుతో ఉతికితే జిడ్డు పోతుంది. అదీ మంట దగ్గర పనికిరాదు.

నర్సంపేట రైడర్:

అందరికీ చాలా థాంక్స్. ఒక జెర్సీ పూర్తి చేశాం. కుట్లు అక్క చెప్పినట్టు, జిగురు కాగితంతో, ఎసిటోన్ దాకా పోనేలేదు. వీపు మీద పేరు శుభ్రంగా పోయింది. కానీ ఛాతీ మీద చిక్కొచ్చింది. మూడేళ్లు ఎండలో తిరిగి చుట్టూ రంగు వెలిసింది, అక్షరాల కింద మాత్రం కొత్త మెరూన్ అట్లాగే ఉంది. సున్నం కొట్టినా కనబడే పాత గోడరాతలాగా షాపు పేరు పూర్తిగా చదవడానికి వస్తోంది. కొత్త స్పాన్సర్ చూస్తే ఊరుకోరు. ఎండలో ఆరేస్తే కలుస్తుందా?

కరీంనగర్ హీట్ ప్రెస్:

సంక్రాంతిలోపు కలవదు, ఆ మాటకొస్తే కొంత నీడ ఎప్పటికీ ఉంటుంది. దాన్ని దాచడమే దారి. కొత్త పేరును విడి అక్షరాలుగా వేయించకు, పాత పేరు మొత్తాన్ని కప్పేంత పట్టీ ఒకటి అడుగు, పట్టీలో పేరు ఉంటుంది. పాత పేరు పొడవు, ఎత్తు కొలిచి రెండు వైపులా అర అంగుళం ఎక్కువ వేసుకో, అక్షరాలు వంపుగా ఉంటే వంపు పైకొస నుంచి కొలవాలి.

వినైల్ వేయించేటట్టయితే ప్రింటింగ్ ఆయనకు రెండు మాటలు ముందే చెప్పు. ఒకటి, కింద జిగురు తీసిన చోటు అని. జిగురు గానీ నీలగిరి తైలం జిడ్డు గానీ మిగిలితే కొత్తది నిలవదు, అందుకే ఒకసారి ఉతికి, సాఫ్ట్‌నర్ వేయకుండా, ఆరబెట్టి తీసుకెళ్లు. రెండు, మెరూన్ పాలిస్టర్ అని. ఇది అందరూ చెప్పరు. ఎక్కువ వేడి పెడితే బట్టలోని రంగు పైకి లేచి తెల్ల వినైల్‌లోకి ఎక్కుతుంది, షాపులో తెల్లగానే ఉంటుంది, నాలుగు రోజులకు గులాబీ రంగుకు తిరుగుతుంది. తక్కువ వేడిలో పట్టే వినైల్ గానీ, రంగును ఆపే పొర ఉన్నది గానీ అడుగు, అవి లేవంటే ఇంకో షాపు చూసుకో.

హన్మకొండ మిషన్ అక్క:

లేదా బట్ట పట్టీ మీద కుట్టించి తెచ్చుకో తమ్ముడూ, నేను చుట్టూ ఒక్క సాదా కుట్టు వేసిస్తాను, జిగ్‌జాగ్ వద్దు. వచ్చే ఏడు ఇంకో స్పాన్సర్ వస్తే ఒక్క దారం లాగితే ఊడిపోతుంది. 12 జెర్సీలూ ఉతికి తీసుకురా, చెమట వాసనతో తెస్తే మిషన్ ఎక్కించను.