ఫోటోగ్రఫీ పుస్తకాలు: 4 వేలల్ల ఏవి కొనాలె? (గుళ్లు, చెరువులు, ల్యాండ్‌స్కేప్)

హన్మకొండ_18_55:
అన్నలకు, అక్కలకు నమస్తే. కెమెరా కెనాన్ 200డీ, దాంతోటి వచ్చిన 18-55 లెన్స్. ట్రైపాడ్ ఉంది, ఫిల్టర్లు లేవు. వీడియోలల్ల ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటరు, అందుకే పుస్తకం ముందల పెట్టుకొని పద్ధతిగా నేర్చుకుందామని. బడ్జెట్ 4 వేలు. తీసేది ఎక్కువ రామప్ప, వేయి స్తంభాల గుడి, ఖిలా వరంగల్, లక్నవరం.
రెండు డౌట్లు. పెద్ద సైజు ల్యాండ్‌స్కేప్ సంకలనాలు కొంటే ఏమన్న ఫాయిదా ఉంటదా, టీపాయ్ మీద పెట్టుకునుటానికేనా? ఇంకోటి, నల్లరాతి శిల్పం దగ్గరికెళ్లి తీస్తే బూడిద రాయి లెక్క వస్తది. దీనికి జవాబున్న పుస్తకం ఏదన్న ఉందా?

పాకాల_లెన్స్:
తమ్మీ, మొదటి పుస్తకం ఎక్స్‌పోజర్ (కెమెరాలకు ఎంత వెలుతురు పోవాలన్నది) మీద, రెండోది వెలుతురు మీద, సంకలనం ఆ తర్వాత. ఈ వరుస తిప్పితే సంకలనంల పేజీలు తిప్పుడే అయితది, ఫోటోల ఏం చూడాల్నో తెల్వదు.

ఎక్స్‌పోజర్‌కు బ్రయాన్ పీటర్సన్ 'అండర్‌స్టాండింగ్ ఎక్స్‌పోజర్' చాలు. మొదట 1990లో వచ్చింది, అది ఫిల్మ్ కాలంది. పాతది కొంటే ఎడిషన్ చూసుకో, 2016 నాటి నాలుగో ఎడిషన్ అయితే మంచిది. ఒకే ఎక్స్‌పోజర్‌కు అపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు), షట్టర్ (వెలుతురు పడనిచ్చే టైము) జోడీలు ఐదారు ఉంటయ్, అందుల ఈ ఫోటోకు ఏది అని ఎంచుకునుడే అసలు పని అని ఆయన చెప్పే తీరు బాగుంటది. ఒక్క దగ్గర మాత్రం ఆయన మాట వినకు. ముందున్న రాయి నుంచి దూరం గుట్ట దాకా షార్ప్‌గా రావాలంటే ఎఫ్/22 (బాగ చిన్న రంధ్రం) పెట్టమంటడు. నీ కెమెరాది ఏపీఎస్-సీ సెన్సర్, 24 మెగాపిక్సెల్. దాని మీద ఎఫ్/22 పెడితే డిఫ్రాక్షన్‌తోటి, అంటే చిన్న రంధ్రంల వెలుతురు చెదిరి, ఫోటో మొత్తం మెత్తబడ్తది.

ఎఫ్/8 చాలు, ఫోకస్ ఎక్కడ పెడ్తున్నవన్నదే లెక్క. 18 మి.మీ. దగ్గర ఎఫ్/8కు హైపర్‌ఫోకల్ దూరం సుమారు 2 మీటర్లు. అక్కడ ఫోకస్ చేస్తే మీటరు దూరం నుంచి ఆకాశం దాకా పనికొచ్చేంత షార్ప్ ఉంటది. ఎఫ్/11 అయితే మీటరున్నర కాడ పెట్టు, 75 సెం.మీ. నుంచి మొదలైతది. కిట్ లెన్స్ మీద దూరం గీతలు ఉండయ్ కాబట్టి రెండు మీటర్లల్ల ఉన్న ఏదన్న రాయి మీద ఆటోఫోకస్ చేసి, స్విచ్ ఎంఎఫ్‌కు (మాన్యువల్ ఫోకస్) జరిపి, అప్పుడు ఫ్రేమ్ పెట్టుకో. మధ్యల జూమ్ కదిలితే మళ్ల మొదటికి.

నల్లరాయి సంగతి: కెమెరాల వెలుతురు కొలిచే మీటర్‌కు అది నల్లరాయి అని తెల్వదు. దేన్ని చూపిచ్చినా నడిమి బూడిద రంగుకే తెస్తది. ఫ్రేమ్ నిండా రాయే ఉంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ లెక్కను పెంచుడు, తగ్గించుడు) -2/3 నుంచి -1 1/3 మధ్యల పెట్టు, నలుపు నలుపు లెక్క వస్తది. ఫ్రేమ్‌ల ఆకాశం వచ్చిందంటే కథ ఉల్టా. అప్పుడు మీటర్ ఆకాశాన్ని చూసి రాయిని మరీ చీకటి చేస్తది, అక్కడ మైనస్ పెడితే శిల్పం ముఖమే కనవడదు.

నున్నగ చెక్కిన స్తంభాలు ఇంకో రకం. దానికి 'లైట్: సైన్స్ అండ్ మ్యాజిక్' (హంటర్, బివర్, ఫుక్వా) కొను. పేరుకు స్టూడియో పుస్తకం గానీ మెరిసే వస్తువు ఎట్ల కనవడ్తదో దానంత వివరంగ చెప్పిన పుస్తకం అరుదు. మెరిసే నలుపు తన రంగుతోటి కాదు, అందుల ప్రతిబింబించేదాంతోటి కనవడ్తది. వేయి స్తంభాల గుడిల స్తంభం మీద తెల్లటి మరక వచ్చిందంటే అది బయటి ఆకాశం ప్రతిబింబం. ఒక అడుగు పక్కకు జరిగితే మరక కూడ జరుగుతది. పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) కొంటే, రాయి ఉపరితలానికి దాదాపు 35 డిగ్రీల ఏటవాలుగ చూసేటట్టు నిలబడు, అక్కడ బాగా పని చేస్తది. పూర్తిగా తీసెయ్యకు. ఆ మెరుపు మొత్తం పోతే స్తంభం గుండ్రంగ ఉందో పలకలుగ ఉందో కూడ తెల్వదు.

మంచిర్యాల_మబ్బు:
పైన చెప్పిన రెండు పుస్తకాలకు ఓటు. ఒకటి కలుపుతా. ఈ ల్యాండ్‌స్కేప్ పుస్తకాలు రాసినవాళ్లలో ఎక్కువమంది ఉండేది మనకు చాలా ఉత్తరంగా. వాళ్లు చెప్పే టైములు మన దగ్గర నడవవు.

సూర్యుడు ఆకాశంలో 6 డిగ్రీల ఎత్తు నుంచి అంచు దాకా దిగే టైమే తీసుకోండి, బంగారు వెలుతురు అంటే దాదాపు అదే. మార్చి, సెప్టెంబరు చివర్లలో స్కాట్లాండ్‌లాంటి చోట (55 డిగ్రీల అక్షాంశం) దానికి 40 నిమిషాలు దాటుతుంది. కాలిఫోర్నియాలోని యోసెమిటీలో అరగంట. మన 18 డిగ్రీల దగ్గర 25 నిమిషాలే, ఎందుకంటే ఇక్కడ సూర్యుడు నిట్టనిలువుగా దిగుతాడు. జూన్‌లో అయితే స్కాట్లాండ్‌లో దాదాపు గంట, మనకు 28 నిమిషాలు. పుస్తకంలో "వెలుతురు మారుతుంటే నెమ్మదిగా ఇంకో చోటు వెతుక్కోండి" అని ఉంటే దాన్ని పక్కన పెట్టండి. లక్నవరంలో ట్రైపాడ్ ముందే నిలబెట్టి, ఫ్రేమ్ ఖాయం చేసి కూర్చోవాలి. వంతెన మీది నుంచి ఒడ్డుకు నడిచేలోపు అయిపోతుంది.

గుళ్లకు ఇంకో లెక్క. రామప్ప తూర్పు ముఖం. తూర్పు ముఖం గుడికి ఉత్తరపు గోడ మీద సెప్టెంబరు చివరి నుంచి మార్చి మూడో వారం దాకా నేరుగా ఎండ పడదు. అంటే చలికాలంలో, అందరూ కెమెరాలు పట్టుకుని వెళ్లే రోజుల్లో, ఆ వైపు అంతా నీడే. నీడ చెడ్డదేం కాదు. కాంట్రాస్ట్ తక్కువ, ఎర్రటి ఇసుకరాయి రంగు బాగా వస్తుంది. కానీ నీలి ఆకాశం వెలుతురు మాత్రమే పడుతుంది కాబట్టి వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగుకు కెమెరా సర్దుబాటు) 'షేడ్'లో పెట్టండి, లేకపోతే రాయి ఊదాగా కనిపిస్తుంది. డిసెంబరులో సూర్యుడు తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు దక్షిణంగా పొడుస్తాడు. పొద్దున్నే గుడి ముందు భాగానికి పక్క వెలుతురు దొరుకుతుంది, చెక్కడం లోతు తెలుస్తుంది. మార్చిలో ఎదురుగా పొడుస్తాడు, అదే చెక్కడం చదునుగా వస్తుంది.

మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీద. అక్కడి నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. అప్పుడు ఉత్తరపు గోడ మీద ఎండ పైనుంచి కిందికి గీరుకుంటూ పడుతుంది. చూరు నీడ పడని చోట కింది వరుస ఏనుగుల చెక్కడాలు తీయడానికి అది మంచి సమయమే, వడదెబ్బ తగలకుండా చూసుకుంటే.

జోన్_5:
అమెరికా ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ పేరు ఇంకా రాలేదేంటి. 'ది కెమెరా' (1980), 'ది నెగెటివ్' (1981), 'ది ప్రింట్' (1983). మూడూ ఇప్పుడే కొనకండి. రెండోది ఒక్కటి, అదీ జోన్ సిస్టమ్ అధ్యాయం కోసం. డెవలపర్ రసాయనాల పేజీలు దాటెయ్యండి. 'ది కెమెరా'లో చాలా భాగం బెల్లోస్ ఉన్న పెద్ద కెమెరాల గురించి, మీకు ఇప్పుడు పని లేదు.

జోన్ సిస్టమ్ అంటే భయపడేంత ఏం లేదు. కటిక నలుపు 0 నుంచి పూర్తి తెలుపు 10 దాకా 11 జోన్లు, పక్కపక్క జోన్లకు తేడా ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం. 5 నడిమి బూడిద. 3లో నీడ, కానీ గరుకు కనిపిస్తుంది. 7లో తెలుపు, కానీ నేత కనిపిస్తుంది. మీ 200డీలో స్పాట్ మీటరింగ్ (ఫ్రేమ్ మధ్యలో చిన్న భాగాన్నే కొలిచేది) పెట్టి నల్లరాయి మీద చదివితే వచ్చేది జోన్ 5. దాన్ని 3లో పెట్టాలంటే రెండు స్టాపులు తగ్గించాలి, 4లో అయితే ఒకటి. పాకాల అన్న చెప్పిన -1 అంటే రాయిని జోన్ 4లో పెట్టడమే.

పుస్తకం చదివినవాళ్లు తప్పేది ఒక చోట. "నీడలకు ఎక్స్‌పోజ్ చెయ్యి, వెలుగులను డెవలప్‌మెంట్‌లో సర్దుకో" అన్నది నెగెటివ్ ఫిల్మ్ సూత్రం. డిజిటల్‌లో తిరగబడుతుంది. సెన్సర్ మీద తెలుపు ఒకసారి కాలిపోతే అక్కడ సమాచారమే ఉండదు, నీడలను మాత్రం రా ఫైల్‌లో (సెన్సర్ పట్టిన అసలు డేటా) రెండు స్టాపుల దాకా లేపుకోవచ్చు. కాబట్టి కాకతీయ కళాతోరణం వెనక మబ్బులుంటే ముందు మబ్బులను చదవండి, వాటిని జోన్ 7లో పెట్టండి, అంటే చదివిన దానికి రెండు స్టాపులు ఎక్కువ. తోరణం ఎక్కడ పడితే అక్కడ పడనీయండి, ఇంటికొచ్చి లేపండి.

హన్మకొండ_18_55:
మస్తు సమాచారం, థ్యాంక్స్ అన్నా. ఇంకొకటి. ఫుట్‌పాత్ మీద సగం ధరకు కొత్తయే దొరుకుతున్నయ్, పీడీఎఫ్‌లు కూడ ఉన్నయ్. కథ పుస్తకాలకు నడుస్తది గానీ వీటికి నడుస్తదా?

ఆదివారం_ఆబిడ్స్:
నడవదు తమ్ముడూ. ముఖ్యంగా ఆడమ్స్ పుస్తకం. జోన్ 2కూ 3కూ తేడా చూపించడానికి వేసిన ఫోటోలో ఆ తేడా దొంగ కాపీలో మట్టిగా కలిసిపోతుంది. ఇంక ఆ పేజీ చదివి ప్రయోజనమేంది?

గుర్తుపట్టడానికి చిన్న భూతద్దం చాలు. ఫోటో మీద కాదు, అక్షరాల మీద పెట్టు. అసలు ముద్రణలో నల్ల అక్షరం అంచు గట్టిగా, నిండుగా ఉంటుంది. పేజీని స్కాన్ చేసి వేసినదాంట్లో అక్షరం అంచుకూ చుక్కలుంటాయి, లేదా రంపం పళ్లలా ఉంటుంది. ఫోటోలో గళ్లు గళ్లుగా మోయిరే కనిపిస్తే ఇంక అనుమానమే అక్కర్లేదు, చుక్కల ఫోటోను మళ్లీ చుక్కలుగా వేస్తే వచ్చేది అదే. ఈ-ఇంక్ రీడర్లు కూడా వద్దు, చాలావాటిల్లో రంగు లేదు, బూడిద ఛాయలు తక్కువ.

దానికన్నా హైదరాబాద్ వెళ్లినప్పుడు ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ చూడు. పాత సంకలనాలు అక్కడే. కొనే ముందు పుస్తకాన్ని సరిగ్గా మధ్యకు తెరిచి వెన్ను చూడు. దారంతో కుట్టిన ఫారాలైతే పేజీ చదునుగా పరుచుకుంటుంది. జిగురు బైండింగ్ అయితే రెండు పేజీల మీద పరిచిన ఫోటో నడిమి భాగం మడతలోకి పోతుంది, చెరువు మధ్యలో ఉన్న పడవే మాయం. ఆర్ట్ పేపర్ పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే వదిలెయ్. అది ఒకసారి తడిసిన పుస్తకం, విడదీస్తే పూత ఊడి ఫోటో పోతుంది. అందుకే వానాకాలంలో ఇంట్లో కూడా గోడకు ఆనించి పెట్టకు. పెద్ద సైజు పుస్తకాలు పడుకోబెట్టాలి, నిలబెడితే అట్ట నుంచి పేజీల బరువు వేలాడి వెన్ను చీలుతుంది.

ఏనుమాముల_ఎరుపు:
సంకలనం అన్నప్పుడు కొండలు, నదులే ఎందుకు? మన దేశపు ఫోటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ 'రివర్ ఆఫ్ కలర్' (1998) దొరికితే వదలకండి. మనుషులు నిండిన భారతీయ ల్యాండ్‌స్కేప్ అంటే అది. నలుపు-తెలుపే కళ అనుకునే రోజుల్లో ఆయన పట్టుబట్టి స్లయిడ్ ఫిల్మ్ మీద రంగుల్లో తీశాడు. ఒకే ఫ్రేమ్‌లో నాలుగైదు సంగతులు జరుగుతుంటాయి గానీ ఒకదాని మీద ఒకటి పడవు. ఎట్లా అని చూస్తే, కెమెరా ఎత్తు, నిలబడ్డ చోటు. ఒక్కో ఫోటో మీద ట్రేసింగ్ పేపర్ వేసి తలల చుట్టూ మాత్రమే పెన్సిల్ గీత గీయండి. రెండు తలలు తాకుతున్నాయేమో లెక్కపెట్టండి. మన జాతర ఫోటోలకు అదే పని చేసి పక్కన పెడితే తేడా ఎక్కడుందో అర్థమవుతుంది.

కొండల సంకలనమైతే: ఫోటో కింద ఉన్న వివరం చేత్తో మూసి మూడు సంగతులు చీటీ మీద రాయండి. నీడ ఏ వైపు పడింది, నీళ్లు గడ్డకట్టినట్టున్నాయా పాలలా ఉన్నాయా, ముందున్న రాయి వెనక కొండకన్నా ఎంత పెద్దగా ఉంది. వీటి నుంచి టైము, షట్టర్, లెన్స్ ఊహించి అప్పుడు చెయ్యి తీయండి. టెక్నికల్ వివరాలు లేని సంకలనం ఈ పనికి రాదు, కొనేముందు చివరి పేజీలు తిప్పి చూడండి.

రంగుల మాటొచ్చింది కాబట్టి, మిర్చి సీజన్లో మార్కెట్ యార్డుకు వెళ్తే మామూలు హిస్టోగ్రామ్‌ను (ఫోటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) నమ్మొద్దు. అది మూడు రంగుల సగటు. మిర్చి కుప్ప మీద సగటు బాగానే ఉంటుంది, ఎరుపు ఒక్కటి కాలిపోయి ఉంటుంది. కుప్పంతా ఎర్ర గుడ్డ పరిచినట్టు వస్తుంది, కాయ కాయకు తేడా ఉండదు. ప్లేబ్యాక్‌లో ఇన్ఫో బటన్ నొక్కి ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ తెచ్చుకోండి, ఎరుపు కుడి గోడను వదిలేదాకా మూడో వంతు స్టాప్ చొప్పున ఎక్స్‌పోజర్ తగ్గించండి. పిక్చర్ స్టైల్ 'న్యూట్రల్' పెడితే ఆ హిస్టోగ్రామ్ రా ఫైల్‌కు కొంచెం దగ్గరగా ఉంటుంది. పత్తికి దీనికి రివర్స్, +1 నుంచి మొదలుపెట్టండి.

హన్మకొండ_18_55:
అయితే పీటర్సన్, 'లైట్' పుస్తకం ముందు. మిగిలిన పైసలతోటి ఆబిడ్స్‌ల సంకలనం. చివరిది: వానకాలం బొగత జలపాతానికి పోతే ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లద్దం) ఎంతది తీసుకోవాలె? రామప్పల ట్రైపాడ్ పెట్టనిస్తరా?

పాకాల_లెన్స్:
6 స్టాపులది తీసుకో తమ్మీ. మబ్బు పట్టిన రోజు ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్/11కు 1/60 వచ్చిందనుకో, ఫిల్టర్ పెడితే ఒక సెకను అయితది. బొగతల వరద నీళ్లు జోరుగ ఉన్నప్పుడు సెకను కూడ ఎక్కువే, నీళ్లు మొత్తం తెల్ల పరదా అయితయ్. ఐఎస్ఓ 400 చేస్తే పావు సెకనుకు వస్తది, ధారలు విడివిడిగ కనవడ్తయ్. ఫోకస్ ముందు చేసి ఎంఎఫ్‌కు మార్చి, తర్వాత ఫిల్టర్ బిగించు. వ్యూఫైండర్‌కు గుడ్డ కప్పు, లేకుంటే వెనక నుంచి వెలుతురు లోపలికి పోయి మీటరింగ్ తప్పుతది. ఏసీ కారుల నుంచి దిగంగనే బ్యాగ్ తెరువకు, అరగంట అట్లనే ఉంచు, లేకుంటే అద్దం మీద ఆవిరి పడ్తది.

రామప్ప, వేయి స్తంభాల గుడి, ఖిలా, మూడూ పురావస్తు శాఖ చేతుల ఉన్నయ్. ట్రైపాడ్‌కు ముందే అనుమతి తీసుకోవాలె, గేటు కాడ వాదన పెట్టుకోకు. చేత్తోనే తీయాల్సి వస్తే 18 మి.మీ. దగ్గర స్టెబిలైజర్ ఆన్ చేసి 1/15 దాకా దిగొచ్చు. వరుసగ ఐదారు కొట్టు, అందుల ఒకటన్న షార్ప్‌గ వస్తది. అక్కడి స్తంభాలకు మాత్రం వీపు ఆనించకు.