ఫైబర్ బోటుకు 25 హార్స్‌పవర్ మోటారు: టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా?

ప్రశ్న:
ఉప్పాడ తీరం నుంచి వేటకు వెళ్లే మా 24 అడుగుల ఫైబర్ బోటుకు ఇప్పుడు 9.9 హార్స్‌పవర్ మోటారు ఉంది. వలలు, ఐసు, చేపల బరువుతో తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి వీస్తే అది చాలడం లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధంలోనే 25 హార్స్‌పవర్ మోటారు బిగించుకోవాలని అనుకుంటున్నాం. రోజూ మోటారు విప్పి ఇంటికి మోసుకెళ్లే మాలాంటి వారికి ఏ రకం నమ్మకంగా పనిచేస్తుందో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1:
రోజూ గంటల తరబడి నడిపేవారికి నా సలహా ఫోర్ స్ట్రోకే. కార్బురేటర్ టూ స్ట్రోకులో కొంత పెట్రోలు కాలకుండానే బయటికి పోతుంది. పైగా టూ స్ట్రోకుకు పెట్రోలులోనే ఆయిల్ కలపాలి; 50:1 పాళ్లలో అయితే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ ఖర్చు వేరే. అయితే అదే శక్తి గల ఫోర్ స్ట్రోక్ బరువు ఎక్కువ. దానిని పడుకోబెట్టేటప్పుడు కంపెనీ గుర్తు పెట్టిన పక్కకే పడుకోబెట్టాలి, లేకపోతే ఆయిల్ సిలిండర్‌లోకి చేరుతుంది. మోసేవారందరికీ ఈ సంగతి తెలిసి ఉండాలి. కొనేముందు అమరం చెక్క (బోటు వెనక మోటారు బిగించే చెక్క) ఎత్తు కొలవండి: సుమారు 15 అంగుళాలుంటే షార్ట్ షాఫ్ట్ (పొట్టి కాలున్న మోటారు), 20 ఉంటే లాంగ్ షాఫ్ట్ (పొడుగు కాలున్నది) సరిపోతుంది. ఆ చెక్క 25 హార్స్‌పవర్‌కు తట్టుకుంటుందో లేదో బోటు కట్టినవారినే అడగాలి.

సమాధానం 2:
పెట్రోలు సంగతి కూడా చూడండి గురువుగారూ. ఇప్పుడు బంకుల్లో దొరికేదానిలో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది, బోటు వెనక బిగించే ఇలాంటి (ఔట్‌బోర్డు) మోటార్లలో చాలావాటి మాన్యువల్‌లో అనుమతించేది మాత్రం 10 శాతమే. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కనుక, సముద్రపు గాలిలో ట్యాంకు సగం ఖాళీగా రోజుల తరబడి వదిలేస్తే నీరు విడిపోయి అడుగుకు చేరుతుంది. అందుకే మీరు కొనబోయే మోడల్‌కు ఎంత ఇథనాల్ పనికొస్తుందో డీలరు చేత కాగితం మీద రాయించుకుని, నీటిని వేరుచేసే ఫిల్టరు తప్పకుండా పెట్టించుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అమరం చెక్క 20 అంగుళాలే ఉంది. ప్రొపెల్లరు మోటారుతో వచ్చినదే సరిపోతుందా?

సమాధానం 3:
వలల బరువుతో, థ్రాటిల్ పూర్తిగా తెరిచి నడిపి ఆర్‌పీఎం (ఇంజిను నిమిషానికి తిరిగే చుట్లు) చూడండి. మాన్యువల్‌లో చెప్పిన పరిధికి చేరకపోతే పిచ్ (ఒక చుట్టుకు ప్రొపెల్లరు ముందుకు సాగాల్సిన దూరం) తక్కువున్న ప్రొపెల్లరు కావాలి. పిచ్ ఒక అంగుళం తగ్గితే దాదాపు 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. కెరటాల్లో మోటారు నీటితో పాటు ఇసుకనూ పీల్చుకునే మీ తీరంలో ఇంపెల్లరు (మోటారును చల్లబరిచే నీటిని తోడే రబ్బరు చక్రం) త్వరగా అరుగుతుంది, కాబట్టి మోటారు పక్కనుంచి వచ్చే నీటి ధార సన్నబడిందంటే ఆరోజే ఆపి చూసుకోవాలి. ఏ కంపెనీ ఇంపెల్లరు, స్పార్క్ ప్లగ్గులు కాకినాడ డీలరు దగ్గర ఎప్పుడూ దొరుకుతాయో, ఆ కంపెనీ మోటారే కొనండి.