సమస్య: తలను పైకెత్తి వీణయే తాను పాడె

నిర్వాహకుడు: వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితుల వీణ కథ వింటుంటే తట్టిన పాదం. ఆదివారం దాకా గడువు. వీణ అంటే అమ్మాయి పేరని తప్పించుకునేవాళ్లకు ముందే దణ్ణం.

గంగాతీరం:
గంగలోన దీక్షితులకు కరమునందు
రామనామాంకమున చేరె రమ్యవీణ
యాళి ముఖము మింటిని చూడ నద్భుతముగ
తలను పైకెత్తి వీణయే తాను పాడె

చిదంబరనాథయోగి వెంట కాశీలో ఉన్నప్పుడు గంగలో దొరికిందనీ, మీద దేవనాగరిలో 'రామ' అని ఉందనీ ఐతిహ్యం కదా. మామూలు వీణల్లో యాళి (వీణ చివర ఉండే సింహంలాంటి బొమ్మ) తల వంచుకుంటుంది, ఇందులో ఎత్తుకుంటుంది.

గణవిభజన: మూడో పాదంలో యా–న. యతి కూడా గంగలో మునిగిందా గురువుగారూ?

గంగాతీరం: చూడన్ + అద్భుతముగ. యకారానికి అకారంతో చెల్లుతుంది. పోయినసారి త్యాగయ్యకు నారదుడు వీణ ఇచ్చాడని పూరించినవారా యతులు లెక్కపెట్టేది! ఆ కథలో నారదుడిచ్చింది స్వరార్ణవం. పుస్తకమండీ.

గణవిభజన: అప్పుడు 'భళా' అన్నది తమరే.

గంగాతీరం: మర్యాదకు అన్నాను. తన వీణ మహతిని ఇచ్చేసి నారదుడు చిడతలు కొట్టుకుంటాడా?

నిర్వాహకుడు: నారదుణ్ణి వదిలేయండి, ఆయన లేకుండానే బాగా సాగుతోంది. గంగాతీరంగారూ, యతి సరే గానీ, మూడో పాదంలోనే యాళి మింటిని చూసేసింది. ఇక నా పాదానికి పనేముంది?

కాకినాడ కాజా: వద్దన్నారని...
సభను చూడగ సిగ్గుతో సగము చచ్చి
గురువు కన్నెఱ్ఱ చేయగా కుదుటపడుచు
అమ్మ చప్పట్లు కొట్టంగ నరుగుపైన
తలను పైకెత్తి వీణయే తాను పాడె

నిర్వాహకుడు: దణ్ణం. 'సగము చచ్చి' దగ్గర నవ్వొచ్చింది కాబట్టి ఉంచుతున్నా.

పనసతొన:
బొబ్బిలి గొల్లపల్లిలో పుట్టి పెరిగి
పనస మానులో నొదిగిన పాటతోడ
నులి కదిపినంత మేల్కాంచి యొక్కసారి
తలను పైకెత్తి వీణయే తాను పాడె

గణవిభజన: బొబ్బి–లిగొల్ల. జగణం ఇంద్రగణం ఎప్పుడయింది తమ్ముడూ? 'గొల్లపల్లిలో బొబ్బిలి కోటచెంత' అను, సరిపోతుంది. బొబ్బిలివాళ్లు ఒక్క మొద్దులోంచి తొలిచే ఏకాండి వీణకు ఆ ఉలి పాదం మాత్రం అతికినట్టుంది. గంగలో దొరికినదానికన్నా ఇదే నయం.

గంగాతీరం: ఆ చివరి వాక్యం ఎవరికో అర్థమైంది.

పనసతొన: మార్చానన్నా, థాంక్స్. దీక్షితుల తమ్ముడు బాలుస్వామి ఫిడేలు పట్టుకున్నారు కదా, దాని మీద ఒకటి ఇవ్వకూడదూ?

నిర్వాహకుడు: వచ్చేవారం అదే. కందంలో ఇస్తా, ప్రాసకు ఇప్పటినుంచే టెన్షన్ పడండి.