అప్‌డేట్: పాత వీజీఏ మానిటర్ ఎట్టకేలకు పనిచేస్తోంది

కొత్త డెస్క్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ అనే డిజిటల్ వీడియో పోర్టులు మాత్రమే ఉండగా, వీజీఏ అనే పాత అనలాగ్ పోర్టు తప్ప మరొకటి లేని నా 17 అంగుళాల మానిటర్‌ను దానికి ఎలా కలపాలని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

మొదట నేను తెచ్చుకున్నది ఒక కొసన హెచ్‌డీఎంఐ, మరో కొసన వీజీఏ ఉన్న మామూలు కేబుల్. డిజిటల్ సంకేతాన్ని అనలాగ్‌గా మార్చే చిప్ అందులో లేనందున, 1987 నాటి అనలాగ్ పద్ధతిపై నడిచే వీజీఏకు ఏమీ అందక, తెరపై ‘నో సిగ్నల్’ అన్న మాట కాసేపు కదలాడి మాయమయ్యేది. రెండోసారి కన్వర్టరే కొన్నాను గానీ, అది వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే రకం. ఇవి ఒకే దిశలో పనిచేస్తాయని మీలో ఒకరు ముందే హెచ్చరించినా పెట్టెపై రాసినది చదవకపోవడం పూర్తిగా నా పొరపాటే.

మూడోసారి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే కన్వర్టర్ తెచ్చి, దాన్ని మదర్‌బోర్డుపై ఉన్న పోర్టుకు కాక, తెరపై బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ కార్డు పోర్టుకే తగిలించి, రిజల్యూషన్‌ను (తెరపై చుక్కల సంఖ్యను) 1280×1024కు, రిఫ్రెష్ రేటును (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో దాన్ని) 60 హెర్ట్జ్‌కు మార్చాక బొమ్మ నిలకడగా వచ్చింది. అక్షరాలు మసకగా కనిపించినా, మానిటర్ అంచున ఉన్న ‘ఆటో’ మీట నొక్కగానే బొమ్మ ఒక్కసారి పక్కకు జరిగి, సర్దుకుని, స్పష్టంగా నిలిచింది. అక్షరాలకు కుడివైపున సన్నని నీడ మాత్రం ఇంకా మిగిలే ఉంది. అది పాత వీజీఏ కేబుల్ వల్లనేమోనన్న అనుమానంతో, పొట్టి కేబుల్ ఒకటి మార్చి చూడబోతున్నాను.