పెలీమ్ రాజ్యమా, తెగల గుంపా?

నదిదారి: ఉరల్ కొండలకు తూర్పున, తవ్దా నదిలో పెలీమ్ నది కలిసే చోట 15, 16 శతాబ్దాల్లో మాన్సీల (సైబీరియాలోని ఒక స్థానిక జాతి) పాలన ఉండేది. నిన్న ఇక్కడే ఒకరు అది రాజ్యం కాదు, వేటగాళ్ల గుంపు అనేశారు. నాకది మింగుడుపడలేదు. 1455లో వాళ్ల రాజు అసికా ఉరల్ దాటి వెళ్లి, ఉస్త్-విమ్ అనే ఊరి మీద పడి, పెర్మ్ బిషప్ పితిరిమ్‌ను చంపాడు. అంత అడవిలోంచి మనుషుల్ని అంత దూరం తీసుకెళ్లడం ఉత్త గుంపు వల్ల అవుతుందా?

పాతరాతలు: ఆ మాట అన్నది నేనే. దాడి చేసినంత మాత్రాన రాజ్యమైపోదండి. నాణెం లేదు, సొంత లిపి లేదు. 'క్న్యాజ్' (రాజు, దొర) అన్నది రష్యన్ రాతల్లోని మాట, తమకు తెలిసిన హోదానే వాళ్లకూ తగిలించారు.

మంచుకోట: ఒక్క నిమిషం, మాన్సీ భాషలోనే 'ఓతర్' అనే మాట ఉంది కదా, వీరుడు, దొర అని అర్థం. పేరు బయటివాళ్లు తగిలించారంటే ఎలా?

నదిదారి: అదే నేను చెప్పబోయింది. పైగా అసికా తర్వాత కొడుకు యుమ్షాన్ వచ్చాడు. 1483లో మాస్కో పంపిన కూర్బ్స్కీ, సాల్తిక్ సేనలు జూలై 29న సరిగ్గా పెలీమ్ నది కలిసే చోటే అతన్ని ఓడించాయి. ఓడినా ఆ పాలన పోలేదు. ఇంకా సుమారు వందేళ్లకు, 1581లో, పెలీమ్ రాజు రష్యన్ వ్యాపార కుటుంబమైన స్త్రోగనోవ్‌ల ఊళ్ల మీద దాడి చేశాడు. 1593లో అక్కడ కోట కట్టడానికి వచ్చిన రష్యన్ అధికారి గోర్చాకోవ్‌కు జార్ ఇచ్చిన ఆదేశం చూడండి, అబ్లెగిరీమ్ రాజును నమ్మించి రప్పించి చంపమని. అది చదివితే ఇప్పటికీ కడుపు మండుతుంది నాకు. ఎదురుపడి గెలవడం తేలికనుకుంటే అంత మోసం ఎందుకు?

పాతరాతలు: తండ్రి నుంచి కొడుక్కి పాలన రావడం, అంతకాలం నిలబడటం ఒప్పుకుంటాను, నిన్న 'గుంపు' అన్నది తప్పే. కానీ రాజ్యం అన్న మాట ఇంకా బరువే అనిపిస్తోంది. సంస్థానం అందామా?

మంచుకోట: సంస్థానం అంటే పైన ఇంకో ప్రభువు ఉన్నట్టు. యుమ్షాన్ అభయపత్రం అడిగి మాస్కోకు వెళ్లిన తర్వాతి రోజులకైతే సరే, అసికాకు మాత్రం వద్దు.