అప్‌డేట్: రేవులో బొండం ఇచ్చిన ఆవిడ దొరికారు

గుర్తుందా, అంతర్వేది వెళ్తుంటే సఖినేటిపల్లి రేవులో మా అమ్మకి కళ్లు తిరిగాయని, ఫోన్ ఛార్జింగ్ అయిపోయిందని, జేబులో చిల్లర కూడా లేకపోతే బొండాలమ్మే ఆవిడ డబ్బులు తీసుకోకుండా పంపేశారని రాశాను. ఇప్పుడు డబ్బులు తీసుకెళ్లి ఇస్తే నొచ్చుకుంటారా అని అడిగాను.

మొన్న ఆదివారం నరసాపురం వైపు నుంచి పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి వెళ్లాం. అవతల ఒడ్డున అదే చింకి గొడుగు, అదే కత్తి. నేను కథంతా చెప్పాను. ఆవిడకి మేం అసలు గుర్తే లేం! "ఎండలో రోజూ ఎవరో ఒకరు పడిపోతానే ఉంటారు బాబూ, ఎందరినని గుర్తుపెట్టుకోను" అన్నారు, బొండం చెక్కుతూనే. కొంచెం చిన్నబుచ్చుకున్నాను, అబద్ధమెందుకు.

వంద నోటు తీస్తే చేత్తో తోసేశారు. మీలో చాలామంది చెప్పినట్టే అయింది. అమ్మ మాత్రం ఆత్రేయపురం పూతరేకుల డబ్బా చేతిలో పెట్టేసింది. "బెల్లంవేనా?" అని అడిగి మరీ తీసుకున్నారు.

తర్వాత రెండు బొండాలు తాగాం. వాటికి మాత్రం పైసా తగ్గించలేదు.