నోటు మీది వాగ్దానం ఎవరిది? రిజర్వు బ్యాంకు, ప్రభుత్వం, రెండు సంతకాలు

ప్రశ్న:

పది రూపాయల నోటు మీద, ధారకునికి, అంటే నోటు చేతిలో ఉన్నవారికి, ఆ మొత్తం చెల్లిస్తానని రిజర్వు బ్యాంకు గవర్నరు మాట ఇచ్చి సంతకం చేస్తారు. ఒక రూపాయి నోటు మీద అటువంటి మాటేదీ ఉండదు. ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం మాత్రం ఉంటుంది. రిజర్వు బ్యాంకు పూర్తిగా కేంద్ర ప్రభుత్వానిదే అయినప్పుడు ఈ తేడా దేనికి? ఖజానాలో సొమ్ము చాలనప్పుడు ప్రభుత్వం తన బ్యాంకుకే చెప్పి నోట్లు వేయించుకోవడానికి అడ్డేమిటి? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:

సంతకాల సంగతి చరిత్ర మిగిల్చినది. 1861 నాటి కాగితపు కరెన్సీ చట్టం మొదలుకొని 1935 దాకా నోట్లు జారీ చేసింది ప్రభుత్వమే. ఖజానా లావాదేవీలను మాత్రం, 1921లో మూడు ప్రెసిడెన్సీ బ్యాంకులు కలిసి ఏర్పడిన ఇంపీరియల్ బ్యాంకు చూసేది. కరెన్సీ ఒకరి చేతిలో, పరపతి మరొకరి చేతిలో ఉంటే పొంతన కుదరదని, రెండూ ఒకే సంస్థకు అప్పగించాలని 1926లో హిల్టన్ యంగ్ కమిషన్ సిఫారసు చేసింది. 1934లో చట్టం వచ్చి, 1935 ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు పని మొదలుపెట్టింది. అప్పుడది 5 కోట్ల రూపాయల మూలధనంతో నడిచిన వాటాదారుల బ్యాంకు. జాతీయం చేసింది 1949 జనవరి 1న. సొంత పేరుతో తొలి నోటు, 5 రూపాయలది, 1938లో వచ్చింది.

ఒక రూపాయి నోటు కథ వేరు. యుద్ధకాలంలో, 1940లో, రూపాయి నాణేనికి బదులుగా ప్రభుత్వం దానిని మళ్లీ తెచ్చింది. చట్టం దృష్టిలో అది కాగితపు నాణెం, నాణేలు ప్రభుత్వానివి. రూపాయికి రూపాయే ఇస్తానని ఎవరు మాత్రం మాట ఇస్తారు?

జవాబు 2:

పై జవాబు మొదటి సందేహానికి సరిపోతుంది. రెండోది అసలు ప్రశ్న. బ్యాంకు ఎవరిదన్నది ఇక్కడ పెద్ద విషయం కాదని నా అభిప్రాయం. ఖజానా ఖాతాలో లోటు పడినప్పుడు ఏం జరుగుతుందన్నదే విషయం.

మీరు అడిగిన పని నిజంగానే నాలుగు దశాబ్దాలు జరిగింది, అదీ చడీచప్పుడు లేకుండా. 1955లో కుదిరిన ఏర్పాటు ప్రకారం, రిజర్వు బ్యాంకులో కేంద్రం నిల్వ 50 కోట్ల కంటే తగ్గితే, ఆ లోటుకు సరిపడా ‘అడ్‌హాక్’ ట్రెజరీ బిల్లులు, అంటే ప్రభుత్వం అప్పటికప్పుడు రాసిచ్చే స్వల్పకాలపు అప్పు పత్రాలు, వాటంతటవే పుట్టేవి. బ్యాంకు వాటిని పుచ్చుకుని ఖాతా నింపేది. కాదనడానికి గవర్నరుకు ఆస్కారమే లేదు. తాత్కాలిక సర్దుబాటుగా మొదలైనది తీరని అప్పుగా పేరుకుపోయింది; కొత్త డబ్బు చలామణీలోకి వచ్చి ధరలకు ఆజ్యం పోసింది.

సి. రంగరాజన్ గవర్నరుగా ఉన్నప్పుడు, 1994లో, దీనికి పరిమితులు పెడుతూ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 1997 ఏప్రిల్ నుంచి అడ్‌హాక్ బిల్లులు ఆగిపోయి, వాటి స్థానంలో పరిమితీ గడువూ ఉన్న ‘వేస్ అండ్ మీన్స్’ చేబదుళ్లు వచ్చాయి. 2003 నాటి ద్రవ్య బాధ్యత చట్టం ప్రకారం 2006 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ బాండ్లను రిజర్వు బ్యాంకు జారీలోనే నేరుగా కొనడం కూడా, చట్టం చెప్పిన మినహాయింపులు పోను, నిషిద్ధమైంది. అయితే అదే బాండును బజారులో మరొకరి నుంచి కొనవచ్చు. కాబట్టి అడ్డు ఉంది గాని, అది గోడ కాదు, తలుపున్న కంచె.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. చెల్లిస్తానన్న వాగ్దానం ఇప్పుడు దేనితో చెల్లిస్తానని? బంగారంతోనా?

జవాబు 3:

బంగారంతో కాదండి. నోటు తీసుకువెళితే మరో నోటో, నాణేలో ఇస్తారు, అంతే. నోట్ల జారీ విభాగం ఎన్ని నోట్లు బాకీ చూపితే అంత ఆస్తి చూపాలి. అందులో బంగారం, విదేశీ సెక్యూరిటీలు కలిపి కనీసం 200 కోట్లు, బంగారం ఒక్కటే 115 కోట్లు ఉండాలని 1957 నుంచి నియమం. నోట్ల చలామణీ 30 లక్షల కోట్లు దాటిన ఈ రోజుల్లో ఆ అంకె నామమాత్రం. నోటు విలువను నిజంగా నిలబెట్టేది ధరల అదుపు. 2016లో చట్టం మార్చి, ద్రవ్యోల్బణ లక్ష్యం నిర్ణయించే పని ప్రభుత్వానికీ, ఆ లక్ష్యం కోసం రెపో రేటు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే స్వల్పకాలపు అప్పు మీద వడ్డీ) తేల్చే పని ఆరుగురు సభ్యుల ద్రవ్య విధాన కమిటీకీ అప్పగించారు. ఆ లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు.

సందర్భం వచ్చింది కనుక ఒక మాట. హైదరాబాదు సంస్థానంలో 1918 నాటి చట్టం కింద నోట్ల జారీ నిజాం ప్రభుత్వానిదే. అక్కడ పెద్ద నోటు మీద మాట కూడా సర్కారుదే. 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ సిక్కాకు (నిజాం నాణేనికి) 100 కల్దారు (బ్రిటిష్ ఇండియా) రూపాయలు వచ్చేవి. ఆ సిక్కా వ్యవహారాలు చూడడానికి 1941లో పెట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకును 1956లో తన చేతిలోకి తీసుకుని, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అని పేరు మార్చింది ఈ రిజర్వు బ్యాంకే.